విశ్వవిద్యాలయ విజ్ఞానశాస్త్ర భవనాలలో వికలాంగుల ప్రవేశ సౌలభ్యం

విశ్వవిద్యాలయ విజ్ఞానశాస్త్ర భవనాలలో వికలాంగుల ప్రవేశ సౌలభ్యం అనగా భౌతిక, రసాయన, వృక్ష, జంతు, భూగర్భ శాస్త్రాల వంటి విభాగాలు, వాటి ప్రయోగశాలలు ఉన్న భవనాలను వికలాంగులైన విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది, సందర్శకులు ఇతరులతో సమానంగా, వీలైనంతవరకు ఒకరి సహాయం లేకుండా ఉపయోగించుకోగలగడం. సాహిత్యం, చరిత్ర వంటి శాస్త్రాల విద్యార్థికి తరగతి గది, గ్రంథాలయం చేరుకోవడంతో చాలావరకు పని నెరవేరుతుంది. విజ్ఞానశాస్త్ర విద్యార్థి మాత్రం ప్రయోగశాల బల్ల వద్దకు చేరి, పరికరాన్ని స్వయంగా వాడి, ఫలితాన్ని తానే నమోదు చేయవలసి ఉంటుంది. అందువలన ఈ భవనాలలో సౌలభ్యం ఒక గొలుసు వంటిది. ర్యాంపు ఉండి మరుగుదొడ్డి లేకపోయినా, లిఫ్టు ఉండి ప్రయోగశాల బల్ల అందకపోయినా ఆ విద్యార్థికి చదువు మధ్యలోనే ఆగిపోతుంది. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇది దయాధర్మం కాదు, హక్కు. ఈ వ్యాసంలో ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలను దృష్టిలో ఉంచుకొని ఈ విషయం వివరించబడింది.

పదాలు

తెలుగులో చాలాకాలంగా "వికలాంగులు" అనే పదం వాడుకలో ఉన్నది. 2015 డిసెంబరు తరువాత ప్రభుత్వ వ్యవహారాలలో "దివ్యాంగులు" అనే పదం వ్యాప్తిలోకి వచ్చింది. చట్టం పేరులో మాత్రం "వైకల్యం గల వ్యక్తులు" అనే అర్థమిచ్చే పదమే ఉన్నది. వైకల్యం మనిషిలో ఎంత ఉన్నదో, అతని చుట్టూ ఉన్న కట్టడంలో, పద్ధతులలో కూడా అంత ఉన్నదని ఆధునిక దృక్పథం. మెట్లు మాత్రమే ఉన్న భవనంలో చక్రాల కుర్చీ వాడే వ్యక్తి అశక్తుడు. లిఫ్టు ఉన్న భవనంలో అతడు అందరివంటి విద్యార్థి. 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ఈ దృక్పథాన్నే స్వీకరించింది. భారతదేశం 2007 అక్టోబరు 1న ఈ ఒడంబడికను ధ్రువీకరించింది.

ప్రాంతీయ నేపథ్యం

కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో స్థాపించబడినది. అదే సంవత్సరం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు బాసర ప్రాంగణం ప్రారంభమైనది. బాసర అప్పుడు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత నిర్మల్ జిల్లాలో ఉన్నది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఇంజనీరింగు కళాశాలలు జగిత్యాల వద్ద 2007లోను, మంథని వద్ద 2010లోను మొదలైనవి. ఆదిలాబాదు ప్రాంతపు డిగ్రీ కళాశాలలు 1976లో వరంగల్లులో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోనివి.

ఈ ప్రాంతంలో దూరం కూడా ఒక అడ్డంకియే. ఆదిలాబాదు పట్టణం నుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. దగ్గరలోని భవనం తనకు అనుకూలంగా లేకపోతే వికలాంగ విద్యార్థి దూరపు నగరానికి వెళ్ళడం కంటే విషయాన్ని మార్చుకోవడం సులభం అవుతుంది. అలా విజ్ఞానశాస్త్రం వదలి మరొక విషయంలో చేరిన విద్యార్థి ఏ జాబితాలోను "ప్రవేశం లభించని వాడు"గా కనిపించడు. సౌలభ్యం లేని భవనం వలన కలిగే నష్టంలో పెద్ద భాగం ఇట్లే లెక్కకు అందకుండా పోతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సుమారు 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. నేటి తెలంగాణ ప్రాంతంలో వీరి సంఖ్య సుమారు 10.46 లక్షలు. ఆ లెక్కలు తీసిన నాటికి చట్టం గుర్తించిన వైకల్యాలు తక్కువ. 2016 చట్టం వాటిని 21కి పెంచినది. వీటిలో కొడవలికణ వ్యాధి, అనగా సికిల్ సెల్ వ్యాధి, ఒకటి. ఆదిలాబాదు ప్రాంతపు ఆదివాసీ సమాజాలలో ఈ వ్యాధి కనిపిస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారికి బయటికి ఏ లోపమూ కనిపించదు. కాని రక్తహీనత వలన మెట్లెక్కితే త్వరగా అలసిపోతారు. చలి, ఒంట్లో నీరు తగ్గడం, అధిక శ్రమ వలన తీవ్రమైన నొప్పులు రావచ్చు. ఆదిలాబాదు చలికాలంలోను, కరీంనగర్ వేసవిలోను ఇవి రెండూ ఎదురవుతాయి. కాబట్టి లిఫ్టు, ప్రతి అంతస్తులో తాగునీరు, వరండాలో కూర్చునే బల్ల వీరికి కూడా ప్రవేశ సౌలభ్యమే. "నడవగలుగుతున్నాడు కదా, లిఫ్టు ఎందుకు" అని అడగడం సరికాదు.

చట్టపరమైన నేపథ్యం

భారతదేశంలో ఈ విషయమై మొదటి సమగ్ర చట్టం 1995లో వచ్చినది. దాని స్థానంలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2016, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఉన్నత విద్యకు సంబంధించిన ముఖ్యాంశాలు:

* 16వ సెక్షను: ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు తమ భవనాలను, ప్రాంగణాలను, ఇతర సదుపాయాలను వికలాంగులకు అందుబాటులో ఉంచాలి, వ్యక్తి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి.
* 17వ సెక్షను: పాఠ్యప్రణాళికలోను, పరీక్షా విధానంలోను అవసరమైన మార్పులు చేయాలి.
* 32వ సెక్షను: ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గలవారికి కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయస్సులో 5 సంవత్సరాల సడలింపు ఇవ్వాలి. 1995 చట్టంలో ఇది 3 శాతం.
* 44వ సెక్షను: ప్రమాణాలు పాటించని కొత్త కట్టడపు నమూనాకు అనుమతి గాని, పూర్తి అయినట్లు ధ్రువపత్రం గాని ఇవ్వరాదు.
* 45వ సెక్షను: నియమాలు ప్రకటించిన నాటి నుండి 5 సంవత్సరాలలోగా పాత ప్రజా భవనాలను కూడా మార్చాలి. నియమాలు 2017 జూన్ 15న వెలువడినవి. ఆ లెక్కన గడువు 2022 జూన్‌తో ముగిసినది.

2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన తీర్పులు ఇచ్చింది. వాటిలో ఒకటి ఉన్నత విద్యాసంస్థలలో సీట్ల గురించి, ప్రాంగణాల సౌలభ్యం గురించి. మరొకటి, రాజీవ్ రతూరి వ్యాజ్యం, ప్రజా భవనాల గురించి. అదే రాజీవ్ రతూరి వ్యాజ్యంలో 2024 నవంబరు 8న న్యాయస్థానం మరొక తీర్పు ఇచ్చింది. ప్రమాణాలను సిఫారసులుగా మాత్రమే చూపుతున్న 2017 నియమాలలోని 15(1)వ నియమం చట్టానికి విరుద్ధమని, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను 3 నెలలలో రూపొందించాలని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు ఆధారమైన నివేదికను హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., 2022లో ఉన్నత విద్యాసంస్థలకు ప్రత్యేక సౌలభ్య మార్గదర్శకాలను విడుదల చేసింది.

భవనంలో ఉండవలసిన సౌకర్యాలు

కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచురించి, 2021లో సవరించిన సమన్వయ మార్గదర్శకాలు కొలతలకు ఆధారం.

ర్యాంపు: ఏటవాలు 1:12కు మించరాదు. అనగా ప్రతి 1 సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల ఎత్తు గల 4 మెట్లు ఉన్న ద్వారానికి మొత్తం ఎత్తు 60 సెంటీమీటర్లు. కావలసిన ర్యాంపు పొడవు 7.2 మీటర్లు. మెట్ల పక్కన రెండు మీటర్ల సిమెంటు వాలు పోస్తే అది చూపునకు ర్యాంపే గాని, చక్రాల కుర్చీ దానిపై వెనుకకు జారుతుంది. ర్యాంపుకు రెండు చివరలా కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల చదునైన స్థలం, రెండు వైపులా చేతిపట్టీలు, వానకు జారని గరుకు ఉపరితలం అవసరం. ఎండలో ఉండే ఇనుప చేతిపట్టీ వేసవి మధ్యాహ్నం పట్టుకోలేనంతగా కాలుతుంది; పైన కప్పు వేయడం మేలు.

లిఫ్టు: 3.6 మీటర్ల ఎత్తు గల ఒక్క అంతస్తు ఎక్కడానికి 1:12 వాలుతో 43.2 మీటర్ల ర్యాంపు కావాలి. కాబట్టి పై అంతస్తులకు లిఫ్టు తప్ప మరొక మార్గం ఆచరణలో కష్టం. మీటలు కూర్చున్న వారికి అందే ఎత్తులో ఉండాలి. వాటిపై బ్రెయిలీ అక్షరాలు, అంతస్తు పేరు చెప్పే ధ్వని ఉండాలి. విద్యుత్తు పోయినప్పుడు పనిచేసే జనరేటరు లేకపోతే లిఫ్టును నమ్ముకున్న విద్యార్థి పై అంతస్తులో చిక్కుకుపోతాడు. లిఫ్టు లేని పాత భవనంలో ఆ విద్యార్థి తరగతిని, ప్రయోగాన్ని క్రింది అంతస్తుకు మార్చడం ఖర్చు లేని సర్దుబాటు. కాలనిర్ణయ పట్టిక తయారుచేసేటప్పుడే దీనిని ఆలోచించాలి.

ద్వారాలు: చక్రాల కుర్చీ సులభంగా వెళ్ళడానికి 90 సెంటీమీటర్ల నిర్నిరోధ వెడల్పు ఉండాలి. రెండు రెక్కల తలుపులలో ఒక రెక్కకు ఎప్పుడూ గొళ్ళెం పెట్టి ఉంచితే ఈ వెడల్పు సగానికి తగ్గిపోతుంది. గడపలు కూడా అడ్డంకులే.

మరుగుదొడ్డి: లోపల కుర్చీ తిరగడానికి చోటు, గోడకు పట్టుకునే కడ్డీలు, బయటికి తెరుచుకునే తలుపు ఉండాలి. దీనికి తాళం వేసి తాళంచెవి కార్యాలయంలో ఉంచడం, లోపల పాత సామాను పెట్టడం తగదు. మరుగుదొడ్డి లేనిచోట విద్యార్థినులు రోజంతా నీళ్ళు తాగకుండా ఉండవలసి వస్తుంది. దాని వలన ఆరోగ్యం దెబ్బతింటుంది.

దారి సూచికలు: అంధులకు నేలపై స్పర్శ పలకలు వేస్తారు. గీతలున్న పలక దారిని, చుక్కలున్న పలక మెట్లు, ద్వారం వంటి మలుపులను తెలుపుతుంది. ఈ పలకల మీద ద్విచక్ర వాహనాలు నిలిపితే అవి ఉండీ ప్రయోజనం లేదు. గదుల పేర్లు పెద్ద అక్షరాలలో తెలుగులోను, ఇంగ్లీషులోను, బ్రెయిలీలోను ఉండాలి.

ప్రయోగశాల

సాధారణ ప్రయోగశాల బల్ల నిలబడి పనిచేసేవారి కోసం కట్టినది. చక్రాల కుర్చీలో ఉన్నవారికి 75 నుండి 80 సెంటీమీటర్ల ఎత్తు, క్రింద మోకాళ్ళకు ఖాళీ ఉన్న బల్ల కావాలి. ప్రతి ప్రయోగశాలలో ఇటువంటి బల్ల ఒక్కటి ఉన్నా పని జరుగుతుంది. నీటి కుళాయి, గ్యాసు మీట, విద్యుత్తు ప్లగ్గు బల్ల వెనుక కాక ముందువైపు లేదా పక్కన ఉండాలి. విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఎత్తు, కంటికి ఆమ్లం తగిలినప్పుడు కడుక్కునే ఏర్పాటు కూర్చున్నవారికి అందేలా ఉండాలి. బల్లల మధ్య నడవలో స్టూళ్ళు, సంచులు ఉంచరాదు.

దృష్టి లోపం గలవారికి ప్రయోగాలు చేయించడం అసాధ్యం కాదు. అంశమాపనంలో ఫినాఫ్తలీన్ రంగు మారడాన్ని చూడలేనివారు పి.హెచ్. విలువను మాటలలో చెప్పే మీటరుతో అదే బిందువును గుర్తించగలరు. మాట్లాడే ఉష్ణమాపకం, మాట్లాడే త్రాసు దొరుకుతున్నాయి. సూక్ష్మదర్శినికి కెమెరా అమర్చి పెద్ద తెరపై చూపితే అల్పదృష్టి గలవారితోపాటు కూర్చున్నవారికీ, తరగతి అంతటికీ ఉపయోగం. పటాలను ఉబ్బెత్తు గీతలతో తయారుచేయవచ్చు. 2006 నుండి ఉచితంగా లభిస్తున్న ఎన్.వి.డి.ఎ. అనే తెర చదివే సాఫ్టువేరుతో కంప్యూటరును వాడవచ్చు. రంగులను వేరుపరచలేని వర్ణాంధత గలవారు జ్వాలా పరీక్ష, అవక్షేపాల రంగులు గుర్తించడంలో పొరబడతారు. వారికి జతగా మరొక విద్యార్థిని ఉంచడం చాలు.

వినికిడి లోపం గలవారికి అధ్యాపకుని ముఖం కనబడడం ముఖ్యం. నల్లబల్ల వైపు తిరిగి చెప్పే మాట వారికి అందదు. ప్రయోగ విధానాన్ని ముందుగా వ్రాసి ఇవ్వడం, సాధ్యమైనచోట సైగల భాష దుబాసీని ఏర్పాటు చేయడం మేలు.

విజ్ఞానశాస్త్రంలో ప్రవేశం - ఒక ఉదాహరణ

మచిలీపట్నం దగ్గరి సీతారామపురానికి చెందిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతో అంధుడు. హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివాడు. పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్రం చదవడానికి నాటి నిబంధనలు అంధులను అనుమతించలేదు. న్యాయస్థానాన్ని ఆశ్రయించి అనుమతి పొంది, 98 శాతం మార్కులతో ఉత్తీర్ణుడైనాడు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ సంస్థను స్థాపించాడు. అతని జీవితం ఆధారంగా 2024లో హిందీ చలనచిత్రం వచ్చినది. ఈ ఉదాహరణలో గమనించవలసినది ప్రతిభ మాత్రమే కాదు. అడ్డుపడినది అతని కంటిచూపు కాదు, "అంధులు ప్రయోగాలు చేయలేరు" అనే ముందస్తు నిర్ణయం. న్యాయస్థానానికి వెళ్ళలేని విద్యార్థుల విషయంలో ఆ నిర్ణయమే చివరిదై పోతుంది.

పరీక్షలు

వ్రాయలేనివారికి లేఖకుని సహాయం, అదనపు సమయం లభిస్తాయి. కేంద్ర ప్రభుత్వపు 2018 మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని నిర్దేశించినవి. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ వ్యాజ్యంలో, 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నా వ్రాయడం కష్టమైతే లేఖకుని నిరాకరించరాదని సుప్రీంకోర్టు చెప్పినది. ప్రయోగ పరీక్షలో విద్యార్థి సూచనలు ఇస్తుండగా సహాయకుడు చేతులతో చేయవచ్చు. అప్పుడు మార్కులు వేయవలసినది చేతి నేర్పునకు కాదు, విద్యార్థి అవగాహనకు.

క్షేత్ర పర్యటనలు

భూగర్భ, వృక్ష, జంతు శాస్త్రాలలో క్షేత్ర పర్యటన పాఠ్యాంశంలో భాగం. ఉత్తర తెలంగాణ ఇందుకు అనువైన ప్రదేశం. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించబడిన కవ్వాల్ అడవి ఇక్కడిదే. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి వద్ద లభించిన రాక్షసబల్లికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు. దాని అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో ఉన్నది. నడవలేని విద్యార్థిని "నీవు రానక్కరలేదు, మార్కులు వేస్తాము" అని వదలివేయడం దయవలె కనిపించినా అది చదువును తగ్గించడమే. వాహనం చేరగల ప్రదేశాన్ని ఎంచుకోవడం, నమూనాలను తెచ్చి చేతికివ్వడం, ప్రదర్శనశాల సందర్శన ఇందుకు మార్గాలు.

అత్యవసర పరిస్థితులు

అగ్ని ప్రమాద సమయంలో లిఫ్టు వాడరాదు. రసాయనాలు ఉండే విజ్ఞానశాస్త్ర భవనంలో ఈ విషయం మరింత ముఖ్యం. పై అంతస్తులో మెట్ల దగ్గర పొగ చేరని వేచియుండే స్థలం, అక్కడి నుండి దించడానికి మోసే కుర్చీ, ఆ బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించిన జాబితా ఉండాలి. వినబడనివారి కోసం గంటతోపాటు మెరిసే దీపం అమర్చాలి. అగ్నిమాపక అభ్యాసం జరిపేటప్పుడు వికలాంగ విద్యార్థులను బయట కూర్చోబెట్టక, వారితో కలిసే జరపాలి.

సందర్శకులకు సమాచారం

ప్రవేశాలు, పరీక్షలు, విజ్ఞాన ప్రదర్శనలు, సదస్సుల నిమిత్తం వచ్చేవారు బయలుదేరే ముందు సంబంధిత విభాగాన్ని అడిగి తెలుసుకోవలసిన విషయాలు:

* మెట్లు లేని ద్వారం ఏ వైపు ఉన్నది, ఆ సమయంలో తెరచి ఉంటుందా?
* వాహనం ఆ ద్వారం దాకా వెళ్ళవచ్చునా?
* వెళ్ళవలసిన గది ఏ అంతస్తులో ఉన్నది, లిఫ్టు పనిచేస్తున్నదా?
* అనువైన మరుగుదొడ్డి అదే అంతస్తులో ఉన్నదా, తాళం ఎవరి వద్ద ఉంటుంది?
* ప్రాంగణంలో చక్రాల కుర్చీ లభిస్తుందా?
* సహాయకుడిని లోనికి అనుమతిస్తారా?

"సౌకర్యాలు ఉన్నాయా" అని అడిగితే "ఉన్నాయి" అనే సమాధానం రావచ్చు. "ద్వారం నుండి గది వరకు ఎన్ని మెట్లు ఉన్నాయి" అని అడిగితే సరియైన సమాధానం వస్తుంది. విద్యాసంస్థలు ఈ వివరాలను తమ వెబ్‌సైటులోను, హాల్‌టికెట్టుతోను ముందుగానే తెలపడం ఉత్తమం. లేని సౌకర్యాన్ని లేదని చెప్పడం కూడా ఉపయోగకరమైన సమాచారమే.

కరీంనగర్‌కు పెద్దపల్లి - నిజామాబాదు రైలు మార్గం, హైదరాబాదు నుండి రాజీవ్ రహదారి ఉన్నాయి. బాసర రైల్వే స్టేషను సికింద్రాబాదు - మన్మాడు మార్గంలో ఉన్నది. ఆదిలాబాదుకు ముద్‌ఖేడ్ మీదుగా రైలు మార్గం కలదు. బస్సు మెట్ల ఎత్తు వలన చక్రాల కుర్చీ వాడేవారికి తోడు అవసరం కావచ్చు. వైకల్య ధ్రువపత్రం లేదా యు.డి.ఐ.డి. కార్డు వెంట ఉంచుకోవాలి.

ఫిర్యాదులు

చట్టంలోని 23వ సెక్షను ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలి. సాధారణంగా మొదట విభాగాధిపతికి, తరువాత రిజిస్ట్రారుకు లేదా ఈ అధికారికి వ్రాతపూర్వకంగా తెలపాలి. ఏ గదికి, ఏ రోజున, ఏ కారణం వలన చేరలేకపోయారో వ్రాసి, నకలు దగ్గర ఉంచుకోవాలి. పరిష్కారం లభించకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరును ఆశ్రయించవచ్చు. చట్టాన్ని ఉల్లంఘించిన వారికి 89వ సెక్షను ప్రకారం మొదటిసారి 10,000 రూపాయల వరకు, తరువాత 50,000 నుండి 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

పాత భవనాన్ని పూర్తిగా మార్చడానికి నిధులు, కాలం అవసరం. కాని గొళ్ళెం తీయడం, తాళం తీసి ఉంచడం, నడవలోని సామాను తొలగించడం, తరగతిని క్రింది అంతస్తుకు మార్చడం, ప్రయోగ విధానాన్ని ముందుగా ఇవ్వడం వంటివాటికి నిధులు అక్కరలేదు. వికలాంగ విద్యార్థి చేరిన తరువాత కాక, ప్రవేశాల ప్రకటనకు ముందే ఒక చక్రాల కుర్చీలో ప్రధాన ద్వారం నుండి ప్రయోగశాల బల్ల వరకు వెళ్ళి చూస్తే గొలుసు ఎక్కడ తెగినదో తెలుస్తుంది.